మెరకమడికిఁ బాఱిన నీరు

స్వాతికార్తె గడచిన పదునొకండవనాఁటి యుదయమున నాకాశము తూర్పుదెసఁ దూది యేకి పఱచినట్లు పలుచని మబ్బులు గప్పికొని వాన నిత్తునని గాని యీయనని గాని చెప్పక మౌనవ్రతధారిణివలె నుండెను. చెఱువుకట్ట దిగువఁ బొట్టదశయందున్న వరిమళ్లు ఆ మూగయాకసము నాశ విడిచి చెఱువునడుగున మిగిలిన మూరెడు నీటినే నమ్ముకొని నిలిచియుండెను.

ఆ యూరఁ జెఱువునీరు వంతులవారీగాఁ బాఱును. కాలువనుండి మడిలోనికి నీరు చొచ్చు గండిని మడవ యందురు. మడి యజమానుని నోటిమాట లేక పరుల మడవను ముట్టినవారికి ఆ పైరు కోఁతకు వచ్చువఱకు వంతునీరు లేదనుట యచటి తాతలనాఁటి కట్టు. వంతునీరు పంచు నీరుగంటి సుంకన్న కన్నులే నలువదియేండ్లుగా నా కాలువకుఁ గావలి. అవి చూచినదాని నెల్లఁ జెప్పెడి కన్నులు కావు.

ఈయేఁడు నీరు సన్నగిల్లుటచే ననుమానములు బలియ నూరివారు కాలువ చీలుచోట నినుపకంబము నాటి దానిపై నొక కెమెరాను బిగించి యది చూచినదెల్ల నింటింటి ఫోనునకు వచ్చునట్లు చేసిరి. నీటిదొంగ దొరకలేదు కాని యెవఁడు బీడీ కాల్చుచు నెంతసేపు గట్టున కూర్చుండెనో, యెవతె కన్నులు తుడుచుకొనుచుఁ బుట్టినింటిదారి పట్టెనో యరుఁగులమీఁదివారి కెల్లఁ దెలియవచ్చెను. ఆఁడువారు గట్టుదారి విడిచి ముండ్లడొంకలో నడవ నలవాటుపడిరి.

ఆ యూర గంగులమ్మ తిప్పమ్మ యను తోడికోడండ్రు కలరు. ఇరువురును భర్తృవిహీనలు. ఎనిమిదేండ్లక్రిందటి పాళ్లపంపకములలో నీరెక్కని మెరకమడి పెద్దదియగు గంగులమ్మకు వచ్చెను. ఆనాఁ డామె మండిపడి, "నీ వంతు నీళ్లు సుక్క నా మడిలో పడితే పైరంతా పీకి గొడ్లకేస్తా మేయ్!" అని పలికి మఱలఁ దోడికోడలితో నోరు విప్పలేదు. అన్నమాట తప్పెడి మనిషి కాదు. మెరకమడి మాత్ర మేటేఁట నెండక పండుచుండ నది తన కాయకష్టఫలమని యామె గర్వించుచుండెను. గంగులమ్మ తన వంతు ముగించుకొని యిల్లు చేరిన పిమ్మట తరువాతివంతుది యైన తిప్పమ్మ తన మడవను సగముసేపటికే మూసి యక్క మడవఁ దెఱచుచుండెను. ఈ సంగతి సుంకన్నకుఁ దక్క నితరుల కెఱుక లేదు.

చీఁకటిలో ముగియు నా పని యా యుదయమునఁ దెల్లవాఱువఱకు సాగఁగాఁ బార చేతఁబట్టి పరుల మడవకడ వంగిన తిప్పమ్మ రూపము ప్రతిఫోనునందును గనఁబడెను. ప్రొద్దు బారెఁడెక్కకమునుపే చావడి నిండెను.

కెమెరా బిగించిన ఓబులేసు నవ్వుచు, "ఇంగ దాపెట్టేదేముంది తిప్పమ్మా? సినిమా మాదిరి కనపడ్తాంటే! అక్క మడవ మూసి నీళ్లు మలుపుకుంటాండావు," అనెను.

"మొగం సూపీ అత్తా, ఈపే పడింది ఫోటోలో!" అని వెనుకనుండి యొకఁడు గేలిచేసెను.

నిజము పలుకకున్నఁ దిప్పమ్మ పొట్టపైరు నిలువున నెండును. పలికినచో నక్క తన పైరును వేళ్లతోఁ బెఱికివేయును. నోరు తెఱవఁబోయిన సుంకన్నను జూచి యామె యించుక తల యడ్డముగా నూఁపఁగా నాతఁడు గడ్డము నిమురుకొని వెనుకకుఁ దగ్గెను.

అంతట గంగులమ్మను బిలిపించి నేరము చెప్పుమనిరి. ఆమె, "ఏదీ, ఆ ఫోను ఇట్టా తే," అని చేఁబుచ్చుకొని చూచెను. అందఱును జూచినది వంగిన వీఁపును బారయు మాత్రమే. ఏఁబదియేండ్లు మట్టిలో బ్రతికిన యామె చూచినది వేఱు. మూసినచో మన్ను మడవలో నుండవలెను. ఈ బొమ్మలో నిగనిగలాడు తడిమన్ను గట్టుపై కుప్పయై యున్నది. ప్రక్కనే తిప్పమ్మ మడవ పచ్చిగడ్డలతో బిగియఁ గప్పఁబడి యున్నది. ఎనిమిదేండ్లుగాఁ దాను దిన్న మెతుకు లెవరి నీట నుడికినవో యామెకప్పుడు బోధపడెను. తన పంతమును దోడికోడలి బ్రతుకును ఫోను పట్టిన యా యఱచేతనే యుండెను.

"మూసిందని ఎవుర్రా సెప్పింది? తెరిసింది. నేనే తెరవమన్నా!"

ఓబులేసు తెల్లఁబోయి, "మీరిద్దరూ మాట్లాడుకోరు గదక్కా?" అనెను.

"మాట్లాడేది గూడా నీ కెమెరాకి సెప్పి మాట్లాడల్లా?"

చావడి గొల్లుమనెను. ఆమె నవ్వక సుంకన్నవైపు దిరిగి మెల్లఁగా, "నీకు ముందునుంచీ ఎరికేనా?" అని యడిగెను.

"నీళ్లు యాడికి పోతాండాయో సూడ్డం నా పనిమ్మా. మనుషుల గుట్లు మోసేది గాదు," అని యాతఁడు పార భుజమున వైచుకొని కాలువదారిఁ బోయెను.

గంగులమ్మ ముందును దిప్పమ్మ పదియడుగులు వెనుకను నడచిరి. తన వాకిట నిలిచి తిరిగిచూడకయే పెద్దది, "రా మేయ్," అనెను. పగటివేళఁ దలుపు మూయుట యా యూర లేదు. ఆమె తలుపు మూసి గడియ వైచెను. రెండు తట్టలలో రాగిసంగటి ముద్దలు పెట్టి నడుమ గుంటచేసి పప్పు పోసి, తన ముద్దలో సగము త్రుంచి చెల్లెలి తట్టలో నుంచెను. చిన్నది వలదనలేదు. ఇరువురును దలలు వంచుకొని భుజించిరి. చేతులు గడుగుకొనువఱకు నొకరి కన్నీరు నొకరు చూడలేదు.