చల్లటి ధార

ఆమెకు కోపం రాని రోజు షెడ్డుకు సెలవని చుట్టుపక్కల వాళ్ళు చెప్పుకునేవారు. పటాసు అని పేరు పెట్టింది కూడా వాళ్ళే, కాకపోతే ఆమె చెవిన పడేంత దగ్గర్లో ఎవరూ ఆ మాట అనేవారు కాదు. బోటు ఇంజన్ల పనిలో చెయ్యి తిరిగిన మనిషి, అందులో రెండో మాట లేదు. నోరు అంతకంటే బాగా తిరుగుతుంది, అందులోనూ లేదు.

ఆ ఏడాది రేవులో జరిగే బోట్ల పోటీలో తమ్ముడు నడపబోయే బోటుకు వేగం పెంచే పని ఆమె రెండు వారాలు కూర్చుని చేసింది. ఇంజను కింద నీళ్ళలోకి దిగి ప్రొపెల్లర్‌ను మోసే భాగాన్ని ఆ రేవులో కాలు అంటారు. మొద్దుగా ఉండే ఆ కాలికి ముందువైపు కోసుగా ఒక అల్యూమినియం ముక్కు అతికిస్తే నీళ్ళను చీల్చుకుని పోతుంది. దాంతోపాటు ఇంజన్ని రెండంగుళాలు పైకెత్తి బిగిస్తే, నీళ్ళలో ఈడ్చుకుంటూ పోయే భాగం తగ్గి బోటు ఇంకా పరుగెత్తుతుంది. అయితే చిక్కొకటి ఉంది. ఇంజను చల్లబడడానికి నీళ్ళు తాగేది ఆ కాలి పక్కలనున్న రంధ్రాల్లోంచే. పైకెత్తితే అవి గాలికి తేలతాయి. అందుకని వాటిని పూడ్చేసి, కింద ముక్కుకే కొత్త రంధ్రాలు పెట్టాలి.

ముక్కు అతికించింది వెల్డరు బాబాయి. సొంత బాబాయి కాదు, నాన్న బతికున్న రోజులనుంచీ షెడ్డును అంటిపెట్టుకుని ఉన్న మనిషి. పాత రంధ్రాల్లో మెటల్ లప్పం పెట్టి, ఎప్పటిలాగే చివర్లో బొటనవేలితో ఆమె గట్టిగా అదుముతుంటే ఆయన చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"అమ్మాయ్, ముందు లోపల గుడ్డముక్క కుక్కు. లేకపోతే లప్పం జారి నీళ్ళ దారికి అడ్డం పడుతుంది."

"ఇరవయ్యేళ్ళనుంచి చేస్తున్నాను. నా వేలికి పాఠాలు చెప్తావా?"

"పాఠమేం కాదమ్మా, గుడ్డముక్కే."

అంతే, ఒంటికాలి మీద లేచింది. చేతిలో ఉన్న స్పానర్ నేలకేసి కొట్టింది. తన పనికి వంకలు పెట్టేవాళ్ళు తన షెడ్డులో ఉండక్కర్లేదంది. ఆయన వెల్డింగు ముసుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తమ్ముడు గోడవారగా నిలబడి, కుక్కిన పేనులా ఇదంతా చూశాడు.

పోటీ రోజు పొద్దున్న రేవంతా జనం. తొమ్మిది బోట్లు వరసగా కట్టేసి ఉన్నాయి. తమ్ముడు ఇంజను స్టార్టు చేసి ఐదు నిమిషాలైంది. ఆమె నీళ్ళలోకి సాగిన చెక్కల వంతెన చివర మోకాళ్ళ మీద కూర్చుని ఇంజను వెనక చిన్న గొట్టంలోంచి చిమ్మే నీటి ధార వైపు చూసింది. ఇంజనంతా తిరిగి చల్లబరిచిన నీళ్ళలో కాసిన్ని అలా బయటికి వస్తాయి. అవి వస్తున్నంతసేపూ లోపలంతా క్షేమమని లెక్క. ధార లావుగా, నిటారుగా పడుతోంది. ఆమెకు తన పని మీద ముచ్చటేసింది. ఊరికే, అలవాటుకొద్దీ, అరచెయ్యి ధార కింద పెట్టింది.

నీళ్ళు చల్లగా ఉన్నాయి.

ఐదు నిమిషాలు తిరిగిన ఇంజన్లోంచి వచ్చే నీళ్ళు వెచ్చగా ఉండాలి. "కాస్త రేజ్ చెయ్యి" అంది. ఇంజను గట్టిగా అరిచింది గానీ ధార మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అలాగే పడుతోంది. ఆమె లేచి బోటులోకి దూకింది, ఇంజను ఆపేసింది. ఇంజను ఆగింది, ధార ఆగలేదు.

గొట్టం పట్టుకుని వెతుక్కుంటూ పోతే సీటు కింద తేలింది. బోటులో నిలిచిన నీళ్ళు తోడిపోసే చిన్న బ్యాటరీ పంపు. దాని నీళ్ళే ధారగా వస్తున్నాయి. పక్కనే, ఇంజను వేడెక్కితే మోగాల్సిన బజరు వైరు పీకేసి వేలాడుతోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేళ్ళ కిందట ఇదే నీళ్ళలో ఒకాయన ఇంజను పూర్తి వేగంలో ఉండగా వేడికి బిగుసుకుపోయింది. బోటు ఉన్నచోటే గిర్రున తిరిగి ఆయన్ని గాల్లోకి విసిరేసింది. ఈరోజుకీ ఆయన మోకాలు వంగదు, రేవు గేటు దగ్గర స్టూలేసుకుని టిక్కెట్లు చింపుతుంటాడు. ఆమెకున్నది ఈ ఒక్క తమ్ముడు.

"ఎవర్ని మోసం చేద్దామని పెట్టావురా ఇది?" అని అరిచింది. పక్క బోటువాళ్ళు తలలు తిప్పారు. "పోటీవాళ్ళనా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు తమ్ముడు. "వాళ్ళు ధార చూడరక్కా. నువ్వు చూస్తావు."

"అంటే నా కళ్ళకి గంతలా? ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగు రోజులైంది. ధార సన్నబడింది. మెల్లగా పోతే ఏం కాదు, స్పీడు పెంచితే ఇంజను కాలిపోతోంది. మూడు చుట్లే కదా, ఎలాగోలా లాగించేద్దామనుకున్నా."

"లాగిస్తావా? పోతావురా! నాకు చెప్పడానికి నోరు పడిపోయిందా?"

వాడు తలెత్తలేదు. "చెప్పిన బాబాయి ఎక్కడున్నాడక్కా?"

చెయ్యెత్తింది. కొడుతుందనే అందరూ అనుకున్నారు, ఆమె కూడా అనుకుంది. ఎత్తిన చెయ్యి పనిముట్ల పెట్టె మీద పడింది. ఉలి, సుత్తి తీసుకుని, ఇంజను కాలు పైకి లేపి, తానే నున్నగా పెట్టిన లప్పం మీద దెబ్బ మీద దెబ్బ వేసింది. రెండు వారాల పని పెచ్చులుగా నీళ్ళలో రాలింది. ఒక్కో దెబ్బకీ ఒక్కో తిట్టు. తమ్ముణ్ణి తిట్టింది, బోటును తిట్టింది, బాబాయిని తిట్టింది, చూస్తున్నవాళ్ళనీ వదల్లేదు. ఆఖరి దెబ్బకి రంధ్రంలోంచి ఒక ముద్ద ఊడి చేతిలో పడింది. నాలికలా లోపలికి జారి, గట్టిపడి, నీళ్ళ దారిని ముప్పాతిక వంతు మూసేసిన లప్పం. దాని మొదట్లో బొటనవేలి గుర్తు, గీతలతో సహా, స్పష్టంగా ఉంది. తనదే.

అప్పుడే హారన్ మోగింది. ఎనిమిది బోట్లు కదిలిపోయాయి. అలలు వచ్చి వాళ్ళ బోటును వంతెనకేసి కొట్టాయి.

"నన్ను చూసి భయపడ్డావు," అంది. "ఉడికిపోతున్న ఇంజన్ని చూసి భయం లేదట్రా నీకు?"

"అది అరవకుండా వైరు పీకేశానక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "నీకు వైరు ఎక్కడుందో నాకు తెలీదు."

ఆమె కోపం ఎక్కడికీ పోలేదు, ఒళ్ళంతా మండుతూనే ఉంది. ఎవరి మీద చూపాలో తెలియక ఆ ముద్ద గుప్పిట్లో బిగించి రేవు మెట్లెక్కింది.

వెల్డరు బాబాయి ఇల్లు రేవు వెనక సందులో మూడోది. తలుపు దబదబా బాదింది. ఆయన సగం తెరిచి, ఆమె మొహం చూసి, మిగతా సగం తెరవాలా వద్దా అని ఆగిపోయాడు. దారిలో ఆమె మాటలు కూర్చుకుంటూనే వచ్చింది, మెల్లగా, మర్యాదగా. నోరు తెరిచేసరికి అరుపే వచ్చింది.

"ఇంకోసారి చెప్పొద్దా నాకు? గట్టిగా చెప్పొద్దా? ముసుగు చంకలో పెట్టుకుని పోవడమేనా? వాడు చచ్చేవాడు బాబాయ్!"

గుప్పిట తెరిచి ముద్ద చూపించింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, వేలి గుర్తు దగ్గర ఆగాడు.

"తప్పు నాది!" అని ఇంకా గట్టిగా అరిచింది, ఎవరినో తిడుతున్నట్టే. సందులో కిటికీలు తెరుచుకున్నాయి. "విన్నావా? నాది!"

"విన్నానమ్మా," అన్నాడాయన. "సందంతా విన్నది."

తర్వాత ఆయన లోపలికి వెళ్ళి ముసుగు తీసుకున్నాడు. బయటికి వస్తూ, దండెం మీద ఆరేసిన పాత లుంగీ లాగి, అంచు పట్టుకుని ఒక గుడ్డముక్క చింపి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.