పేరు కోసం వదిలిన ఖాళీ

"చావు కూడా ట్రయల్ వెర్షనేనా ఎవెలియో? ఆదివారానికి లేచొస్తాడా మనోడు?"

మంగలి కొట్టు ముందు లేచిన నవ్వులు మూడుచక్రాల బండి వెంట మలుపు దాకా వచ్చాయి. ఎవెలియో తొక్కడం ఆపలేదు. నెత్తి మీద మైకు బూర రెమీహియో పోయిన కబురు చెబుతోంది. మధ్యమధ్య ఎవరో అమ్మాయి దూరి "ఇది ట్రయల్ వెర్షన్" అంటోంది. ఫోనులో రికార్డు చేసింది బండి మీది పాత పెట్టె చదవదు, ఎంపీత్రీ చేసి పెట్టాలి. అందుకని నిన్న హడావిడిగా దింపుకున్న సాఫ్ట్‌వేర్ నిర్వాకం అది.

మగ్దలేనా నది ఒడ్డున ఆ ఊళ్లో ముప్ఫై ఏళ్లుగా చావు కబుర్లన్నీ అతని గొంతులోనే వెళ్తున్నాయి. అసలు పేరు చెప్పి, వెంటనే ఊరు పెట్టిన పేరు చెప్పాలి. రెమీహియో అంటే ఎవరికి తెలుసు? జెల్లచేప అంటేనే తలుపులు తెరుచుకుంటాయి. ఈ పూట సరిగ్గా జెల్లచేప మీదే ఆ అమ్మాయి కూర్చుంది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఉమ్మి మింగితే గొంతులో పుండు సలుపుతోంది. రేపు తెల్లవారుజామున బస్సెక్కి బరాంకియా వెళ్లాలి. అక్కడ డాక్టరు గొంతులోని స్వరపేటికను తీసేస్తాడు. ఆ తర్వాత నోరు తెరుచుకుంటుంది గానీ మాట రాదు. ఊరు ఆ గొంతుకే అలవాటుపడింది, వేరే గొంతు పెడితే ఎవరూ కబురు పట్టుకురారు. భార్య నుబియాకూ తనకూ ఆ బండి తప్ప వేరే ఆధారం లేదు. అందుకే కబురంతా చెప్పి, పేరు దగ్గర ఖాళీ వదిలి దాచుకోవాలని అతని ఆలోచన. ఆ ఖాళీలో పేరొక్కటీ నుబియా మైకులో చెప్పేస్తుంది.

కిటికీ మూసి, ఫోను దగ్గర పెట్టుకున్నాడు. "అందరికీ మనవి. మన ఊరి మనిషి, మనందరికీ కావలసినవారు..." పెదవులు బిగించి, వేళ్ల మీద ఎనిమిది లెక్కపెడుతున్నాడు. నాలుగు దగ్గర వంటింట్లోంచి కేక వచ్చింది.

"కాఫీ చల్లారిపోతోందయ్యా ముసలోడా! వస్తున్నావా లేదా?"

అతను నవ్వాపుకుని ఎనిమిదీ లెక్కపెట్టాడు. "...ఇక లేరు. ఈ సాయంత్రం సాగనంపడానికి అందరూ రండి."

నుబియా కప్పు తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టింది. "నా అరుపు పడిందా? తీసెయ్."

"ఉండనీ. ఇంకోసారి చెబుతాలే," అన్నాడు. రెండోసారి చెప్పేసరికి గొంతు సగం గాలైపోయింది. మూడోసారి చెప్పే ఓపిక లేదు.

ఇక ఎంపీత్రీగా మార్చడం. అమ్మాయి దూరే సాఫ్ట్‌వేర్‌ని తీసిపారేశాడు. రెండోది చూడ్డానికి ముచ్చటగా ఉంది, అడక్కుండానే నిశ్శబ్దాలన్నీ కత్తిరించి శుభ్రం చేసింది. వింటే "కావలసినవారు ఇక లేరు" అని గబగబా అయిపోయింది. పోయినవాడి చోటే పోయింది. మూడోది బూడిదరంగు పాతది, నత్తనడక. కానీ ఏమీ కలపదు, ఏమీ తియ్యదు. ఎవెలియో దాన్నే ఉంచుకుని రెండు రికార్డులూ మార్చాడు, పెన్‌డ్రైవ్‌లో వేశాడు. బెల్లం కాఫీ సగం తాగాడు. మిగతాది మింగలేకపోయాడు.

తెల్లవారుజామున బస్సు మెట్టు మీద నుంచి "పెన్‌డ్రైవ్ తడవనీకే" అన్నాడు. అతని నోటి నుంచి ఆమె విన్న చివరి మాట అదే.

నాలుగో రోజు బరాంకియా నుంచి ఫోను వచ్చింది. ఆపరేషన్ బాగానే అయిందట, గుండే తట్టుకోలేదట.

నుబియా బండి తనే నెట్టుకుంటూ బయల్దేరింది. మంగలి కొట్టు ముందు ఆగి రికార్డు పెట్టింది. ఖాళీ వచ్చింది. "ఎవెలియో కాంతియో, మన బూర ఎవెలియో" అనాలి, అంతే. మైకు పట్టుకుని నిలబడింది. ఎనిమిది సెకన్లూ అయిపోయాయి, ఎవరో తెలియని మనిషి లేరని బూర చెప్పేసింది.

ఆమె కళ్లు తుడుచుకుని పెన్‌డ్రైవ్‌లోని ఇంకో రికార్డు నొక్కింది.

"మన ఊరి మనిషి, మనందరికీ కావలసినవారు... కాఫీ చల్లారిపోతోందయ్యా ముసలోడా! వస్తున్నావా లేదా?... ఇక లేరు."

కొట్టు ముందు ఎవరూ నవ్వలేదు. మంగలి కత్తెర కింద పెట్టి టోపీ తీశాడు. ఎవరు పోయారని ఏ ఇంట్లోనూ అడగలేదు.

ఇంట్లో కంప్యూటర్ పక్కన, సగం కాఫీ ఎండి అడుగున బెల్లం నల్లగా పట్టేసిన ఆ కప్పు అలాగే ఉంది.