కాపలావాడి పంటినొప్పి

పళ్ళ డాక్టర్ల బాధ పళ్ళ డాక్టర్లకే తెలియాలి. వారమంతా ఎదురుగా మనుషులే, అందరి నోళ్ళూ తెరిచే ఉంటాయి, ఒక్కరూ మాట్లాడరు. ఏమడిగినా "ఆ... ఆ..." తప్ప జవాబుండదు. అందుకే మన డాక్టరమ్మకి ఆదివారం మధ్యాహ్నమంటే ప్రాణం. ఆ పూట తమ్ముడూ మరదలూ వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. ఆవిడ కథ చెప్పేది. వాళ్ళు ఆ కథలో వీరులై, ఏం చేస్తారో నోటితో చెప్పి, అది కుదురుతుందో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక వేసేవాళ్ళు. ఆరేళ్ళుగా అదే ఆట.

ఆవిడ కథల్లో ఒక పిచ్చి ఉంది. కోట కాపలావాడు కానీ, కొండమీది రాక్షసుడు కానీ, ఎవడైనా సరే, వాడికి పంటినొప్పి ఉండి తీరాల్సిందే. కత్తి దూశారో, అయిపోయినట్టే. "ఏ పన్ను బాబూ?" అని ఆప్యాయంగా అడిగితే మాత్రం కరిగిపోయి దారి వదులుతాడు.

అలాంటిది నెల కిందట తమ్ముడు అడ్డం తిరిగాడు. ఆ రోజు బిస్కెట్లు కూడా ముట్టుకోకుండా వెళ్ళిపోయి, మర్నాడు ఫోన్ చేసి, ఇకమీదట ఆట ఆన్‌లైన్‌లోనే అన్నాడు. అక్కడ బొమ్మలు కదులుతాయట, లెక్కలన్నీ కంప్యూటరే చూసుకుంటుందట, ఎవరింట్లో వాళ్ళు హాయిగా కూర్చోవచ్చట. బల్ల దగ్గరైతే బుర్రకి తోచిందల్లా చెయ్యొచ్చురా, అక్కడ వాళ్ళు పెట్టిందే చెయ్యాలి కదా అని ఈవిడ పోట్లాడింది. వాడు ససేమిరా అన్నాడు. ముందు ఆవిడకి ఒళ్ళు మండింది, తర్వాత భయమేసింది. వాడు రాకపోతే మరదలూ రాదు. ఇక ఆదివారం కూడా తనతో మాట్లాడే దిక్కుండదు. చేసేది లేక ఈ ఆదివారం బెట్టు దిగి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆన్‌లైన్ ఆటలో అడుగుపెట్టింది.

మొదటి గేటు దగ్గరే ఒక కాపలావాడు. పది తోడేళ్ళను చంపి వస్తేనే లోపలికి పంపిస్తానన్నాడు. డాక్టరమ్మ గొంతు సవరించుకుంది.

"ఏ పన్ను బాబూ?"

వాడు మళ్ళీ అదే తోడేళ్ళ మాట అన్నాడు. ఎన్నాళ్ళుగా నొప్పి, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటోందా అని ఈవిడ వదలకుండా అడిగింది. వాడు తోడేళ్ళు దాటి ఇవతలికి రాడు. కుర్చీలో కూర్చున్న పేషెంటైనా ఇంతకంటే నయం, కనీసం మూలుగుతాడు!

ఈలోగా ఊరూపేరూ తెలియని ఆటగాళ్ళు పాతికమంది చుట్టూ మూగారు. మైకులో మాటలు అందరికీ వినబడుతున్నాయనీ, ఆ కాపలావాడు మనిషి కాదు బొమ్మ అనీ ఎవరో పాపం మర్యాదగానే చెప్పారు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఇక ఏ ఆటా వద్దు, ఏ ఆదివారమూ వద్దు అనుకుని హెడ్‌ఫోన్లు తీసెయ్యబోతుండగా ఒక గొంతు వినబడింది.

"ఎడమ వైపు. కింద చివరి పన్ను. నెలరోజులైంది."

తమ్ముడు. అక్క నలుగురిలో నవ్వులపాలవుతుంటే చూడలేక, ఆ బొమ్మ తరఫున వాడే జవాబు చెబుతున్నాడు. డాక్టరమ్మకి కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే కనుబొమలు ముడిపడ్డాయి. ఇరవయ్యేళ్ళుగా వాచిన బుగ్గల్లోంచి వచ్చే మాటలు విన్న చెవులవి. ఇది నటన కాదు.

"ఒరేయ్, అది నీ పన్నేనా?"

జవాబు మరదలి గొంతులో వచ్చింది. "అవును వదినా. బల్ల దగ్గరైతే బుగ్గ చూసి పట్టేస్తారని ఈ ఆన్‌లైన్ నాటకం. మీకు చెప్పొద్దని నాతో ఒట్టు కూడా వేయించుకున్నారు."

పన్నెండో అంతస్తులో తాడుకి వేలాడుతూ లిఫ్టులు బాగుచేసే మొనగాడు ఆ తమ్ముడు. అక్క చేతిలో డ్రిల్లు చూస్తే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి.

మర్నాడు పొద్దున్నే మరదలు వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూలేసింది. మత్తుసూది పడింది. నోరు తెరిపించి, డ్రిల్లు అందుకుంటూ డాక్టరమ్మ మొదలుపెట్టింది. "నువ్వు కోటగుమ్మం దగ్గరున్నావు. కాపలావాడు బుగ్గ పట్టుకుని మూలుగుతున్నాడు. ఏం చేస్తావు?"

"ఆ... ఆ..." అన్నాడు తమ్ముడు.

తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు అలాగే తెరిచి ఉంచి, పాచిక కోసం చెయ్యి చాచాడు.