గౌరమ్మ లేని బతుకమ్మలు

"ముందుగాల చేతులు కడుక్కొని రా. మొన్న కాగితానికి పసుపంటిందని హైదరాబాదుల నవ్విన్రట."

చెప్పులు గుమ్మంలో విడుస్తూనే అన్నాడు మా ఆయన పర్శరాములు. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. కత్తిపీట ముందు సగం తరిగిన సోరకాయ ఉంది. పప్పు దించాలా, చేతులు కడగాలా, కాగితం తీయాలా అని ఒక్క క్షణం నిలబడ్డాను. "ఏం సోంచాయిస్తున్నవు? రైలు ఆగుతదా నీ కోసం?" అన్నాడు. పప్పు దించి, చేతులు కడుక్కుని, చెంగుకు తుడుచుకుని పీట మీద కూర్చున్నాను.

మా ఆయన పత్రికా విలేకరి. బెల్లంపల్లి అవతల మా తాళ్లవాగులో ఆయన తెలియనివాళ్లు లేరు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు. మైకు ఇస్తే తెలుగులో గంట మాట్లాడగలడు గాని, కలం ఇస్తే రెండో వాక్యం దగ్గరే చెమటలు పడతాయి. మా బాపు కరీంనగర్‌లో గ్రంథాలయం నడిపేవాడు కాబట్టి నాకు తెలుగు అన్నంతోపాటే అబ్బింది. ఆయన సగం ఉర్దూలో సంగతి చెబుతాడు, నేను దాన్ని వార్త చేస్తాను. కవరు అంటించి రైలు గార్డు చేతికిస్తే మర్నాటికి హైదరాబాదు చేరుతుంది. అచ్చులో 'మా విలేకరి' అని పడుతుంది. స్నేహితులు మెచ్చుకుంటే ఆయన నా వైపు తల ఊపి, "మా ఇంటామె దస్తూరి మంచిగుంటది" అంటాడు. అంతే. పెళ్లైన కొత్తలో, ఆ వాక్యాలు కూడా నావేనని మా అత్త శంకరవ్వ దగ్గర నోరు జారితే, "మొగని పేరుల పాలు అడిగే ఆడిది మా ఇంట్ల ఇంతదనుక పుట్టలే" అంది. మళ్లీ అడగలేదు.

ఆ రోజు ఆయన చెప్పింది ముసలిబాయి సంగతి. ఏనాడో మూసేసిన బొగ్గుబాయి అది. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలుకాగానే రైళ్లకూ కరెంటుకూ బొగ్గు చాలడం లేదని, ఒక గుత్తేదారు దాన్ని మళ్లీ తెరిచాడు. కప్పుకు దుంగలు సరిగా నిలబెట్టకుండానే రోజుకూలీలను దింపుతున్నారని నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు అనుకునేవారు. ఆ మాట నేను మా ఆయన చెవిన వేశాను కూడా. "పంపుకాడి ముచ్చట్లు పేపర్లకెక్కయి" అన్నాడు. ఇప్పుడు ఆయనే, గుత్తేదారు జీపు దిగి వచ్చి చెబుతున్నాడు: "బాయిల జర మట్టి రాలింది. ఎవలికేం కాలే. నలుగురు కూలోళ్లు మాత్రం బాంబులు పడ్తయని భయపడి పారిపోయిన్రు. గది రాయి."

రాశాను. 'దేశం పిలిచిన వేళ వెన్ను చూపిన నలుగురు పిరికివారు తప్ప, కార్మికులందరూ రెట్టించిన ఉత్సాహంతో బొగ్గు తవ్వుతున్నారు.' ఆయన పారిపోయిన్రు అన్నాడంతే. వెన్ను చూపడమూ పిరికివారూ నా సొంతం. రాసి పైకి రెండుసార్లు చదువుకున్నాను. వాక్యం నడక బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. పత్రికవాళ్లు ఆ ముక్కనే పెద్దక్షరాల్లో వేస్తే, కత్తిరించి పిండి డబ్బా వెనక దాచుకున్నాను.

నాలుగు రోజులైనా కాకముందే లింగవ్వ మా పెరటి వాకిట్లో బొగ్గు గంప దించింది. మా పొయ్యికి బొగ్గు పోసేది ఆమే. మొగుడు అంతయ్య ముసలిబాయిలో కూలి. గంప దించినా కదలకుండా నిలబడి, "అక్కా, పేపర్ల మా ఇంటాయన గురించి ఏందో రాసిన్రట. హోటల్ల అందరికి సదివి ఇనిపిచ్చిన్రట. నా బిడ్డను పోరగాండ్లు పిరికోని బిడ్డ, పిరికోని బిడ్డ అని ఎంటవడుతున్నరు. జర నాకు సదివి చెప్పవా?" అంది.

లేదని చెప్పొచ్చు. పేపరు దొరకలేదనొచ్చు. కాని చేయి పిండి డబ్బా వెనక్కి తనంతట తనే పోయింది. చదివాను. నా వాక్యాన్ని నా నోటితో, ఆమె ముఖం చూడకుండా చదివాను. లింగవ్వ చివరిదాకా విని, చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎవలు రాసిన్రో గని మా అంతయ్యను ఎరుగరు. బల్లి మీద పడితే ఎగిరి దుంకుతుండె గని, బాయిల దిగుటానికి ఎన్నడు భయపడలే. ఊరికి పోయెటోడు అంగి ఏస్కోడా అక్కా? కొత్త అంగి దండెం మీదనే ఉంది."

ఇంకో గంప కావాలని చెప్పాను. అక్కరలేని బొగ్గు. ఆమె వెళ్లాక ఆ కాగితం ముక్కను పొయ్యిలో పడేశాను. అది కాలిపోయింది గాని, ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఉందో! ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. ఇంట్లో ఎవరైనా తిట్టినప్పుడు కలిగే సిగ్గు కాదది. అది కాసేపటికి కోపంగా మారి చల్లారుతుంది. ఇది చల్లారదు. ఎవరూ తిట్టలేదు మరి. నన్ను తిట్టాల్సిన మనిషి నన్ను అక్కా అని పిలిచి, నాకు బొగ్గు పోసి వెళ్లింది.

అన్నం తినేటప్పుడు మా ఆయనతో అన్నాను. "అంతయ్య అంగి ఇంట్లనే ఉందట."

"అంగీల మీద వార్తలు రాస్తరా?" అని నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ముద్ద ఆపాడు. "డిఫెన్సు రూల్సున్నయి, ఎరుకేనా? ఎదురు రాస్తే సీదా జైలే. బొగ్గు ఆగితే రైలాగుతది, రైలాగితే మందుగుండు ఆగుతది. నీ లింగవ్వ కోసం దేశాన్ని ఆపుమంటవా?" భయంతోనే అన్నాడో, గుత్తేదారు జీపు కోసం అన్నాడో నాకు తెలియదు. రెండూ కావచ్చు. "పప్పు ఏస్తనా?" అని అడిగాను. నాకు అలవాటైన జవాబు అదే.

యుద్ధం ఆగిందని రేడియో చెప్పింది. బొగ్గు మాత్రం ఆగలేదు. ముసలిబాయిలో మనుషులు పోయారట కదా అని పైనుంచి ఎవరో ఆరా తీశారు. అప్పుడే సద్దుల బతుకమ్మ వచ్చింది. ఏ ఏడూ లేనిది, గుత్తేదారు బండ్ల మీద తంగేడు, గునుగు తెప్పించి కూలి గుడిసెలన్నింటికీ పంచాడు. ఒక్క ఇల్లు కూడా తప్పకుండా అందరూ బతుకమ్మ ఎత్తాలని అతని మున్షీ గుడిసె గుడిసెకూ తిరిగి చెప్పాడు. వార్త రాసుకోవడానికి మా ఆయనను పిలిచారు.

పొద్దు వాలకముందే వాగు ఒడ్డుకు చేరాం. మా ఆయన, మున్షీ గట్టు మీద కుర్చీల్లో కూర్చున్నారు. బతుకమ్మలన్నీ నడుమ పెట్టి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నాం. లింగవ్వ కూడా తిరుగుతోంది. అంటే అంతయ్య ఎక్కడో బతికే ఉన్నాడని కబురేమైనా అందిందేమో! చావున్న ఇల్లు ఆ ఏడు బతుకమ్మ ఎత్తదు గదా. నా గుండె మీది బరువు దిగినట్టై, పాట నోటికి వచ్చింది.

రెండో చుట్టులో ఆమె బతుకమ్మ నా ఎదురుగా వచ్చింది. నిండుగా, అందంగా పేర్చింది. పైన మాత్రం ఖాళీ. పసుపు ముద్దతో చేసే గౌరమ్మ లేదు. గౌరమ్మ లేకపోతే అది పూల కుప్పే. హడావుడిలో మరిచిపోయిందనుకుని, నా గౌరమ్మలోంచి కాస్త పసుపు తీసి, "లింగవ్వా, మరిసినవా? ఇగో, నేను పెడ్త" అంటూ వంగాను.

ఆమె నా చేయి పట్టి ఆపింది. "వద్దక్కా. కీడున్న ఇంట్ల గౌరమ్మను నిలుపుతరా?"

ఆమె చప్పట్లు కొడుతూనే, గట్టు వైపు చూడకుండా మెల్లగా చెప్పింది. "ఎత్తకపోతే గుడిసెలకెల్లి ఎల్లగొడ్తమన్నడు మున్షీ. పుస్తెలు తియ్యద్దన్నడు. గందుకే ఎత్తినం. గౌరమ్మను పెట్టుమనలే. మొగోడాయె, తెలిస్తే గద చెప్పెటందుకు."

తల తిప్పి చూశాను. ఇంకో మూడు బతుకమ్మల నెత్తులు ఖాళీగా ఉన్నాయి. గట్టు మీద మా ఆయన ఏదో రాసుకుంటున్నాడు. ఆ నాలుగూ ఆయన కళ్ల ముందే ఉన్నాయి.

బతుకమ్మలను వాగులో వదిలాక, గౌరమ్మ పసుపు తలా ఇంత తీసుకుని పుస్తెలకు రాసుకుంటాం. అందరూ రాసుకుంటున్నారు. ఆ నలుగురు చెంగు నిండా కప్పుకుని నీళ్ల వైపు తిరిగి నిలబడ్డారు. నా పసుపు నా వేళ్ల మీదే ఉండిపోయింది. లింగవ్వ పక్కకు వెళ్లాను. "గా పేపర్ల రాసింది నేనే లింగవ్వా. పిరికోళ్లని రాసింది నేనే."

అరుస్తుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. "మంచిగ రాస్తవు అక్కా" అంది. "గందుకే అందరు నమ్మిన్రు."

భూమి చీలితే బాగుండుననడం అంతవరకు వట్టి మాటేననుకున్నాను. నీళ్లలో నిలబడి ఏడ్చాను. ఏడ్వడానికి కూడా సిగ్గేసింది. ఏడ్వాల్సింది నేను కాదు గదా. "మళ్ల రాస్త. నిజం రాస్త. గని నీ గుడిసె పోతది. మిగిలినోళ్లయి సుత" అన్నాను. ఆమె ఆ ముగ్గురి దగ్గరికి వెళ్లి, తలలు దగ్గరపెట్టి మాట్లాడి తిరిగి వచ్చింది.

"రాయి. పిరికోళ్లని ఊరంత సదివిండ్రు. సచ్చిన్రని సుత సదవని. గుడిసె పోతే పోనియ్. మట్టి కింద ఉన్నోళ్లను బైటికి తీస్తరు గద!"

మరునాడు దసరా. బూరెల పిండి కలుపుతుంటే మా ఆయన హుషారుగా వచ్చాడు. "చేతులు కడుక్కొని రా. జబర్దస్తు పాయింటు దొరికింది. గా నలుగురి ఇండ్లల్లకెల్లి సుత బతుకమ్మలెల్లినయి. సావు జరిగితే ఆడోళ్లు బతుకమ్మ ఎత్తుతరా? గిదే రాయి, నోర్లు మూతపడాలె."

"గౌరమ్మ లేదు" అన్నాను.

"ఏంది?"

"గా నాలుగు బతుకమ్మల మీద గౌరమ్మ లేదు."

"అయితేంది?" అన్నాడు. నిజంగానే ఆయనకు తెలియదు. ముప్పై ఏళ్లుగా తల్లి పేర్చగా, పెళ్లాం పేర్చగా చూస్తూనే ఉన్నాడు.

మోకాళ్ల నొప్పులతో వాగుకు రాలేకపోయిన మా అత్త మూల కూర్చుని గోంగూర ఏరుతోంది. ఆకు చేతిలోనే ఆగిపోయింది. "గౌరమ్మ లేకుంట ఎత్తిన్రా?" అని నన్నే అడిగింది. ఔనన్నాను. ఆమె చేట పక్కకు నెట్టి, కొడుకు వైపు తిరిగింది. "సచ్చిపోయిన్రురా వాళ్లు. నలుగురు సచ్చిపోయిన్రు."

"గిదేం సాక్ష్యమే అవ్వా? హైదరాబాదుల ఎవలికి సమజైతది?"

"పేపరు సదివే ప్రతి ఇంట్ల ఆడిది ఉంటది" అంది మా అత్త. నా వైపు ఆమె అలా నిలబడటం అదే మొదలు. ఆమెకూ అది కొత్తేమో, వెంటనే చేట ముందుకు లాక్కుంది.

"నా పేరు మీద పోదు గీ వార్త" అన్నాడాయన. గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ వినిపించింది. మొదటిసారి ఆయన మీద జాలేసింది. కాని చేయి ఆగలేదు.

"మీ పేరు మీద పొమ్మంటలేను."

చేతులు కడుక్కోలేదు. పిండి, పసుపు ఉన్న వేళ్లతోనే రాశాను. ఈసారి వాక్యాలు అందంగా రాలేదు, రానివ్వలేదు కూడా. ముసలిబాయిలో కప్పు కూలిందని, అంతయ్యతో కలిపి నలుగురు మట్టి కింద ఉన్నారని, వారు పారిపోయారని వేసిన వార్త అబద్ధమని, వారి భార్యలను బెదిరించి బతుకమ్మ ఎత్తించారని, ఆ బతుకమ్మల మీద గౌరమ్మ లేదని రాశాను. పత్రిక వేస్తుందో, చెత్తబుట్టలో వేస్తుందో తెలియదు. ధైర్యం వచ్చిందని ఎవరూ అనుకోవద్దు. కవరును చెంగు కింద దాచుకునే బజారు దాటాను. హోటలు ముందు కూర్చున్నవాళ్లు ఎప్పటిలాగే పేపరు చదువుతున్నారు. వాళ్ల ముఖాలు చూడలేక తల దించుకున్నాను. ఇంట్లో ఉండిపోవడానికి అంతకంటే ఎక్కువ సిగ్గేసింది కాబట్టి నడిచాను.

ప్యాసింజరు వచ్చి ఆగింది. గార్డు కవరు అందుకుని, దాని మీది పసుపు మరక చూసి, వెనక మా ఆయన కోసం వెతికాడు. "సార్ రాలేదా అమ్మా? సార్ వార్తేనా?"

"కాదన్నా. తాళ్లవాగు ఆడోళ్ల వార్త. రాసింది నేను, అనసూర్యను."