కుళాయిలో చెయ్యి

ఆరేళ్ల తేజస్వి ఉన్నట్టుండి స్నానమంటే భయపడసాగింది. బాత్రూంలో కుళాయి తిప్పితే చాలు, తల్లి కుచ్చిళ్లు పట్టుకుని వణికేది. కారంపూడి పక్క పల్లెలో మిరప సేద్యం చేసుకునే ఇల్లు వాళ్లది. పిల్ల దడుచుకుందనుకుని తండ్రి మస్తాన్‌రావు తాయెత్తు కట్టించాడు. తగ్గలేదు.

ఒక పొద్దున తల్లి సాయి ప్రియ కుళాయి కట్టేసి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"కొట్టను, తిట్టను. నీకేం కనపడతందో చెప్పమ్మా."

"కుళాయిలోనించి చెయ్యొస్తది. పిల్లల్ని లోపలికి లాగేస్తది. ఫోన్లో చూశా."

సాయి ప్రియ ఫోన్ తీసి, పిల్ల చూసినవన్నీ వెనక్కి వెతికింది. తను వంటలో పడి బొమ్మల పాటలు పెట్టిచ్చిన రోజది. పాట వెనక పాట, వాటి వెనకే అవే రంగుల బొమ్మలతో ఆ వీడియో. నల్లటి చెయ్యి, అరుపు, చీకటి. నిమిషం కూడా లేదు. అంత చిన్న ముక్క పిల్లలోకి ఎంత లోతుగా దిగిపోయిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

అత్త చెన్నమ్మ కూడా చూసింది. "ఎవరు పంపారే దీన్ని?"

"ఎవరూ పంపలేదత్తా. ఒకటి అయిపోతే ఇంకోటి దానంతటదే వస్తది."

"అదేందే. గడప తొక్కేవోణ్ణి ఎవురయ్యా నువ్వు అని అడుగుతాం గదా. దీన్ని అడిగేవోళ్లే లేరా?"

ఆ మాట సాయి ప్రియకు గుచ్చుకుంది. బళ్లో టీచరుని అడిగి, వీడియోలు వాటంతటవే వచ్చే పద్ధతి ఆపేసింది. ఆ వీడియో మీద రిపోర్టు కొట్టింది. ఇక మీదట పిల్ల ఏం చూసినా ముందు తను చూశాకే, అదీ వసారాలో అందరి మధ్యే అంది. మస్తాన్‌రావు "మరి నా రీల్సో" అని నవ్వబోయి, భార్య మొహం చూసి ఫోన్ బల్ల మీద పెట్టేశాడు.

వెతగ్గా వెతగ్గా వాన ఎట్లా పుడుతుందో చూపే వీడియో ఒకటి దొరికింది. సముద్రం మీద ఆవిరి లేచి, మబ్బయి, కొండల మీద కురిసి, వాగుగా పారింది. తేజస్వి మొదట నానమ్మ కొంగు చాటు నుంచి చూసింది. కాసేపటికి కొంగు వదిలేసింది.

"మన కుళాయిలో నీళ్లు గూడా పైనించే వచ్చినయ్యా?"

"వాన నేలలో ఇంకి మన బోరులోకొచ్చిందమ్మా" అంది సాయి ప్రియ.

ఆ సాయంత్రం పిల్ల కుళాయి కింద ఒక వేలు పెట్టి, వెంటనే లాగేసుకుంది.

మంచి వానలు పడ్డాక ఒక ఆదివారం అందరూ మాచర్ల బస్సెక్కి ఎత్తిపోతల జలపాతానికి వెళ్లారు. ఇంత దగ్గరున్నా వాళ్లలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. కొండ అంచున అడ్డంగా కట్టిన ఇనప కమ్మీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఎదురుగా వాగు వాగంతా తెల్లగా పాయలు చీలి లోయలోకి దూకుతోంది. ఆ హోరు కాళ్ల కింద రాతిలో తెలుస్తోంది. చెన్నమ్మ తనకు తెలియకుండానే చేతులు జోడించింది. గాలికి తుంపర వచ్చి తేజస్వి మొహం మీద పడింది. తుడుచుకోలేదు.

తిరిగొచ్చాక స్నానం మెల్లమెల్లగా మామూలైంది. ఆ పూట ఎత్తిపోతల దగ్గర మాత్రం పిల్లను కమ్మీ దగ్గర్నించి కదిలించడం ఎవరి తరమూ కాలేదు.

"ఇవన్నీ ఏడకి పోతన్నయ్ నానమ్మా?"

"కృష్ణలోకి. ఆణ్ణించి సముద్రంలోకి."

"సముద్రం ఇంతకన్నా పెద్దదా?"

చెన్నమ్మ నీళ్ల మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. "చానా పెద్దదంటమ్మా. నేనూ చూళ్లేదు."