గుమ్మం దగ్గర కాపలా

శౌరమ్మ చేతిలో వంకాయ ఏడుకొండలు చేతిలోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి జయంత్ చేతిలోకి వెళ్ళింది. ఇచ్చేవాళ్ళు "టేక్ దిస్" అనాలి, పుచ్చుకునేవాళ్ళు "థాంక్యూ" అనాలి. పటమటలో ఆ డాబా మీది రేకుల షెడ్డులో, సాయంత్రం పూట భానుశ్రీ చెప్పే ఇంగ్లీషు అదే. ఏబీసీడీలూ లేవు, పలకా బలపమూ లేవు. వంటింట్లోంచి పట్టుకొచ్చిన వంకాయా, గరిటే, ఉల్లిపాయా, తాళంచెవీ, ఇవే పాఠాలు.

గుమ్మం దగ్గర పీట వేసుక్కూర్చుని భానుశ్రీ తల్లి కనకలక్ష్మి పువ్వొత్తులు చేస్తోంది. చేతులు పత్తి మీద, కళ్ళు జయంత్ మీద.

అతను వంకాయ వంక చూడటం లేదు. భానుశ్రీ వంకే చూస్తున్నాడు. మిగతావాళ్ళంతా వస్తువును చూసి దాని పేరు తడుముకుంటుంటే ఈ మనిషి మాత్రం పిల్ల చేతులు ఎటు కదుల్తాయో, పెదాలు ఎలా తిరుగుతాయో కళ్ళప్పగించి చూస్తాడు. శౌరమ్మ తప్పు చెప్పిందంటే చాలు, ముందుకు వంగి మరీ చూస్తాడు.

"థాంక్ దిస్... టేక్యూ..." అంటూ శౌరమ్మ తికమకపడి, "ఓర్నాయనో, నాకు రాదు భానూ! బెడ్ పాన్ తియ్యమంటే ఈజీగా తీస్తా," అంది. ఆవిడ ఆస్పత్రిలో ఆయా.

అందరూ నవ్వారు. కనకలక్ష్మి మాత్రం నవ్వలేదు. ఆ 'భానూ' అనే పిలుపు విన్నప్పుడల్లా ఆవిడకి అరికాల్లో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. 'గారు' లేదు, 'మేడమ్' లేదు. అది భానుశ్రీ పెట్టిన రూలే. క్లాసులో అందరూ అందర్నీ పేరుతోనే పిలవాలట. "సార్, మేడమ్ అంటూ చేతులు కట్టుకుంటే నోరు పెగలదమ్మా. పిలుపు దగ్గరే భయం పోవాలి," అంది మొదట్లోనే. ఆటో నడిపే ఏడుకొండలుకి మనవలున్నారు, ఆయన పిలిస్తే సరే. శౌరమ్మ ఆడమనిషి, సరే. పెళ్ళి కావలసిన పిల్లని పట్టుకుని ముప్పై యేళ్ళ మగాడు "భానూ" అంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

ఊరుకోక ఏం చెయ్యాలో ఆవిడకి తెలియడం లేదు. భర్త రామకోటేశ్వరరావు హనుమాన్ జంక్షన్లో లారీల ఆఫీసు చూసుకుంటూ వారానికోసారి వస్తాడు. ఈ క్లాసు మొదలెట్టిన రోజునే చెప్పాడు: "ఏదన్నా తేడాగా అనిపిస్తే ఒక్క మాట నా చెవిన వెయ్యి. షెడ్డుకి తాళం వేసేస్తా." అన్నాడంటే వేస్తాడు. ఆవిడ గుండెల్లో గుబులంతా అక్కడే. హైదరాబాదులో ఉద్యోగం పోయి వచ్చిన పిల్ల యేడాది పాటు తలుపేసుకుని కూర్చుంది. అన్నం తిన్నావా అంటే తల ఊపేది, అంతే. ఆ తలుపు బయట నించుని కనకలక్ష్మి లోపల ఫ్యాను చప్పుడు వింటూ ఉండేది. ఆగిపోతే ఎలా అనీ భయం, ఆగకపోయినా భయం. ఎదురింటి శౌరమ్మ వచ్చి, "మా డాక్టర్లు మాట్లాడేదాంట్లో నాకు నాలుగు ముక్కలు నేర్పవే," అని అడిగిన తర్వాతే ఆ పిల్ల నోట్లోంచి మాట బయటికొచ్చింది. షెడ్డుకి తాళం పడిందంటే ఆ గది తలుపు మళ్ళీ మూసుకుంటుంది.

అందుకే భర్తకి చెప్పకుండా గుమ్మంలో కాపలా కూర్చుంది.

ఆ రోజు క్లాసయ్యాక చెత్త పారబోయడానికి కిందికి దిగింది. గేటు అవతల బైకు మీద కూర్చుని జయంత్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఒక్క తెలుగు ముక్క లేదు. "ఎస్ సార్, స్టాక్ రెడీ సార్, టుమారో మార్నింగ్ డిస్పాచ్ చేయిస్తాను" లాంటి కలగలుపు కాదు, మొదట్నుంచి చివరిదాకా ఇంగ్లీషే. నీళ్ళు తాగినంత తేలిగ్గా మాట్లాడేస్తున్నాడు. ఆవిణ్ణి చూడగానే ఫోను జేబులో పెట్టేసుకుని, "వస్తానాంటీ," అని వెళ్ళిపోయాడు.

కనకలక్ష్మి చేతిలో చెత్తబుట్ట అలాగే ఉంది. ఇంత ఇంగ్లీషు వచ్చినవాడు పైన కూర్చుని 'దిస్ ఈజ్ ఆనియన్' అని ఎందుకు నత్తికొడుతున్నాడు? వంకాయ పేరు తెలియనట్టు ఎందుకు నటిస్తున్నాడు? దేనికో ఆవిడకి తెలుసు. టీవీలో రోజూ చూపిస్తున్నారు కదా.

మర్నాడు శౌరమ్మ దగ్గర కూపీ లాగబోయింది. "ఆ జయంత్ ఎలాంటివాడంటావు?"

"ఎలాంటివాడేంటండీ, టౌన్లో బట్టల హోల్‌సేల్ షాపులో పనిచేస్తాడు. మర్యాదస్తుడే."

"మర్యాదగా ఉండేవాళ్ళతోనే భయం."

"అయితే మర్యాద లేనోణ్ణి చూసి చేర్పించమంటారా?" శౌరమ్మ నడుం మీద చెయ్యేసుకుని నవ్వింది. "మీకు కంటినిండా నిద్ర పట్టాలంటే ఈ ఊళ్ళో మగాళ్ళందర్నీ తీసుకెళ్ళి స్టేషన్లో కూర్చోబెట్టాలి కనకలక్ష్మిగారూ. కాపలాకి మళ్ళీ మీరే వెళ్ళాలి."

"నీకేం, ఇద్దరూ కొడుకులే."

ఇక లాభం లేదనుకుని ఆవిడ చీర మార్చుకుంది. కూతురితో గుడికి వెళ్తున్నానని చెప్పి, బందరు రోడ్డు మీదికి వచ్చి, జయంత్ వాళ్ళ ఊరు కంకిపాడు వెళ్ళే బస్సెక్కింది. దారి పొడుగునా ఏం అడగాలో, ఎలా అడగాలో అనుకుంటూనే ఉంది. తల్లిదండ్రులుంటే కాళ్ళావేళ్ళా పడి చెప్పాలి, మీవాణ్ణి మా ఇంటికి పంపకండి అని. రౌడీ మూక లాంటివాళ్ళయితే? బస్సు పోరంకి దాటేసరికి వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. వెనక్కి వెళ్తే ఫోను తీసుకుని భర్తకి చెప్పడమే మిగిలింది. దిగలేదు.

కంకిపాడులో దిగి మార్కెట్ యార్డు వెనక వీధిలోకి తిరిగింది. పచ్చ తలుపు, పక్కన టైలరు కొట్టు. ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. తలుపు కొట్టింది.

తీసింది ఓ పాతికేళ్ళ పిల్ల. మెళ్ళో నల్లపూసలు. వెనక గదిలో మంచం మీద నేత చీరలు వరసగా పరిచి ఉన్నాయి, గోడకి ఫోను నిలబెట్టి ఉంది.

"ఎవరు కావాలండీ?"

"జయంత్ గారిల్లేనామ్మా?"

"ఆయన షాపుకెళ్ళారు. నేను వాళ్ళావిణ్ణి, ప్రత్యూషని. మీరెవరు?"

పెళ్ళాం ఉందా! పెళ్ళయినవాడా వచ్చి నా కూతుర్ని చూస్తోంది! కనకలక్ష్మి కొంగు సర్దుకుని, "పటమట నుంచి వస్తున్నాను. భాను వాళ్ళ అమ్మని," అంది.

ప్రత్యూష తలుపు సగానికి మూసి, ఆ సందులో నించుంది.

"ఓహో. తల్లిని కూడా పంపించిందన్నమాట!"

"ఏంటమ్మా నువ్వనేది?"

"నాకేం తెలీదనుకుంటున్నారా? సాయంత్రం ఆరింటికి రావాల్సిన మనిషి ఎనిమిది దాటాక వస్తాడు. ఎక్కడికెళ్ళావంటే నసుగుతాడు. మొన్న అన్నం తింటూ తనలో తనే నవ్వుకుంటా, 'భాను అయితే కసరదు' అన్నాడు. ఎవరా భాను అంటే పొలమారింది. 'గారు' లేదు, ఏం లేదు, భాను అంట!"

"నా కూతురు పాఠం చెప్తుందమ్మా, ఇంగ్లీషు పాఠం. మీ ఆయన ఒక్కడే కాదు, ఇంకా ఉన్నారు. తాతలు కూడా పేరు పెట్టే పిలుస్తారు, అది క్లాసు రూలు. నేను గుమ్మంలో పీట వేసుక్కూర్చునే ఉంటాను. చీమ లోపలికెళ్ళాలన్నా నన్ను దాటే వెళ్ళాలి!"

"అంత నమ్మకం ఉంటే కాపలా ఎందుకండీ?"

అడుగుదామని కనకలక్ష్మి తెచ్చుకున్న మాటలన్నీ ఎదుటి పిల్ల నోట్లోంచే వస్తున్నాయి. కూతుర్ని అనుమానించడానికి తనకి హక్కుందిగానీ ఇంకో మనిషి అంటే ఒళ్ళు మండిపోతోంది.

"అయినా ఆయనకి ఇంగ్లీషు నేర్పేదేంటి?" ప్రత్యూష గొంతు పెరిగింది. "ఆయన డిగ్రీ చదివాడు. షాపులో బొంబాయి పార్టీలతో మాట్లాడేది ఆయనే. రానిది నాకు. మా పుట్టింటి మగ్గాల చీరలు ఫోన్లో చూపించి అమ్ముతుంటా. బెంగుళూరు వాళ్ళు ఏదో అడుగుతారు, బిక్కమొహం వేస్తా. నేర్పుతానని చెప్పి పోయినేడాది పలక కొనుక్కొచ్చాడు. ఎన్నిసార్లు చెప్పాలి, ఇదీ రాదా అని కసురుడే కసురుడు. పలక తీసి వీధిలోకి గిరాటేశా. ఇంగ్లీషు అన్న మాట మళ్ళీ ఈ ఇంట్లో ఎత్తావంటే మా ఊరెళ్ళిపోతానన్నా. ఎత్తలేదు."

"అసలేం ఎత్తడం లేదా?"

"లేదు." "ఈమధ్య పిచ్చి వేషాలు వేస్తున్నాడు. కూర తరుగుతుంటే వచ్చి ఉల్లిపాయ చేతిలో పెడతాడు, ఏదో అంటాడు. నేనేదో ఒకటి వాగితే తప్పనడు. తనే ఇంకోసారి చెప్పి అలా చూస్తా నించుంటాడు. ఓపిగ్గా. ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నాకు ఇంకా భయమేసింది."

కనకలక్ష్మి గడప మీద కూలబడింది. చేతిలో ఉల్లిపాయ పెట్టడం, తప్పు చెప్పినా తప్పు అనకుండా తనే మళ్ళీ చెప్పి ఎదురు చూడటం, అంతా భాను పద్ధతే. శౌరమ్మ తప్పు చెప్పినప్పుడల్లా అతను ఎందుకు ముందుకు వంగుతాడో, ఆవిడకి అప్పుడు కళ్ళ ముందు కనబడింది. పిల్లని కాదు, పిల్ల ఏం చేస్తుందో చూస్తున్నాడు.

"మీ ఆయన నేర్చుకోడానికి రావట్లేదమ్మా," అంది. "ఎలా నేర్పాలో చూడ్డానికి వస్తున్నాడు. ఏమీ రానివాళ్ళకి మొదట్నుంచి ఎలా చెప్తారో చూసుకుని, నీకు చెప్పడానికి. వచ్చని చెప్తే ఎవరు చేర్చుకుంటారు? అందుకే రానట్టు కూర్చున్నాడు."

"మీరు చెప్తే నేను నమ్మాలి!"

"నమ్మకు. నేనైనా నమ్మను."

ఆ మాటకి ప్రత్యూష తలుపు కొంచెం తెరిచింది. అయినా కళ్ళల్లో అనుమానం పోలేదు. "అవునూ, మా ఇల్లు మీకెవరు చూపించారు? మీ అమ్మాయికి తెలుసా?"

"ఎవరూ చూపించలేదు. మీ ఆయనే క్లాసులో చెప్పాడు, 'మై హౌస్ ఈజ్ ఇన్ కంకిపాడు, బిహైండ్ మార్కెట్ యార్డ్. గ్రీన్ డోర్. టైలర్ షాప్ నెక్స్ట్' అని..." అంటూ కనకలక్ష్మి ఆగిపోయింది. చెప్పింది ఇంగ్లీషులో. తను బస్సు దిగి తిన్నగా నడిచి వచ్చేసింది. ఏడో క్లాసు కూడా పూర్తి చెయ్యని మనిషి, ఒత్తులు చేసుకుంటూ గుమ్మంలో కూర్చున్న మనిషి!

"మీకు ఇంగ్లీషు వచ్చాండీ?"

"నాకెందుకొస్తుందమ్మా," అంది కంగారుగా, దొంగతనం బయటపడ్డట్టు.

ప్రత్యూష లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు తిరిగి తీసుకుంటూ, "రేపు నేనే వస్తా. నా కళ్ళతో చూస్తేగానీ నాకు కుదురుండదు," అంది.

ఆ రాత్రి రామకోటేశ్వరరావు ఫోను చేసి, "ఏంటి విశేషాలు? అక్కడంతా బాగానే ఉందా?" అన్నాడు. కనకలక్ష్మి, "షెడ్డులో ఓ మూల కారుతోంది. ఈసారి వచ్చేటప్పుడు ఓ రేకు తీసుకురండి," అంది.

మర్నాడు సాయంత్రం జయంత్ వెనకాలే ప్రత్యూష మెట్లెక్కి వచ్చింది. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. గుమ్మం దాటుతూ కనకలక్ష్మి వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"ఎవరమ్మా?" అంది భానుశ్రీ.

"జయంత్ వాళ్ళావిడ. నేర్చుకోడానికి కాదుట, చూడ్డానికట."

"నేను నేర్చుకోనండీ. ఊరికే చూసి పోతా," అంది ప్రత్యూష గట్టిగా. చాప మీద ఖాళీ ఉన్నా అటు వెళ్ళలేదు. గుమ్మానికి ఇవతలే, కనకలక్ష్మి పక్కన చతికిలబడింది. కళ్ళు ఒకసారి భానుశ్రీ మీద, ఒకసారి మొగుడి మీద.

"కూర్చో. ఊరికే చూస్తే సరి," అంది కనకలక్ష్మి. గుప్పెడు పత్తి తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది.

లోపల వంకాయ బయల్దేరింది. శౌరమ్మ తప్పు చెప్పింది, భానుశ్రీ కసరలేదు. ఈసారి జయంత్ కళ్ళు ఎక్కడున్నాయో కనకలక్ష్మి చూసింది. గుమ్మం మీదే ఉన్నాయి. ప్రత్యూష పత్తి విడదీయడం మర్చిపోయి లోపలికే చూస్తోంది. పెదాలు కదుల్తున్నాయి, చప్పుడు లేకుండా.

కనకలక్ష్మి ఏమీ చూడనట్టు తల తిప్పేసుకుంది. ఎవరిదో కొత్త ఆటో ఒకటి చాలాసేపట్నుంచి గేటు దగ్గరే ఆగి ఉంది, ఎవరి కోసం వచ్చిందా అని కాపలా కళ్ళు అటు తిప్పి మెట్ల మీంచి తొంగి చూసింది.