మూడో సిలిండర్

ఇంజిన్ చల్లారేలోగా కూర అయిపోవాలి. వేడి మీద స్పార్క్ ప్లగ్ విప్పితే లోపలి మరలు దెబ్బతింటాయి. అలాగని చల్లారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనిచ్చే ఇల్లు కాదది. అందుకే ఆమె గోళ్ళ సందుల్లోని గ్రీజు సబ్బుపెట్టి రుద్ది కడుక్కుని ఉల్లిపాయలు తరుగుతోంది. చేతులు వంటింట్లో ఉన్నాయే గానీ మనసంతా పెరటి షెడ్డులో, బానెట్ ఎత్తిపెట్టిన ఆ కారు దగ్గరే ఉంది.

అది మామూలుగా రిపేరుకు వచ్చిన బండి కాదు. పెద్ద వర్క్‌షాప్ మేనేజరమ్మ ఆమె చేతికే ఇచ్చి పంపిన టర్బో కారు. యజమాని ముచ్చటపడితే దాని బూస్ట్ పెంచారు, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఇంకా గట్టిగా తోసేలా చేశారు. "కొత్త ప్లగ్గులు వేసి, రోడ్డు మీద నడిపి చూసి, రేపు సాయంత్రానికి తెచ్చివ్వు. సరిగ్గా నడిచిందా, ఉద్యోగం నీదే, నువ్వు మా మనిషివి" అంది ఆవిడ నిన్న పొద్దున. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ మామగారి షెడ్డులో పని చేస్తున్నా, పనిలో ఆమెను తమ మనిషి అన్నవాళ్ళు లేరు. బండి బాగుపడితే అది పెద్దాయన హస్తవాసి. ఆ పెద్దాయన చేతులు వణకడం మొదలై చాలా కాలమైందన్న సంగతి గుమ్మం బయటి వాళ్ళకు తెలియదు. "ఊరికే కూర్చుంటే తోచదుగా, నాన్నకి పానాలు అందిస్తుంటుంది" అని భర్త తన ఆఫీసు స్నేహితులతో చెప్పి నవ్వేవాడు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వేది.

నిన్న నాలుగు ప్లగ్గులకూ తనే గ్యాప్, అంటే చివర రవ్వ దూకే ఖాళీ, తగ్గించి బిగించింది. అలా తగ్గించాలని నేర్పింది మామగారే. "లోపల ఒత్తిడి పెరిగే కొద్దీ నిప్పురవ్వకి ఆ గ్యాప్ దాటడం కష్టం తల్లీ. మెల్లగా పోయినంతసేపూ బండి బుద్ధిగానే ఉంటుంది. కాలు గట్టిగా నొక్కావా, రవ్వ చచ్చిపోయి దగ్గుతుంది" అని విడమరిచి చెప్పారు. ఈ పొద్దున అచ్చం అలాగే దగ్గింది. మామగారు పక్క సీట్లోనే ఉన్నారు. "ఇంకాస్త నొక్కు తల్లీ" అన్నారు. నొక్కింది. టర్బో ఈల సన్నగా పైకి లేచి, అంతలోనే బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు కుదుపుల మీద కుదుపులు. వెనక లారీవాడు హారన్ మోతతో దులిపేశాడు. పాలిపోయిన ఆమె మొహం చూసి మామగారు తల నిమిరారు. "పోన్లే తల్లీ. పెద్ద వర్క్‌షాపుల గొడవ మనకెందుకు? నీకు నా షెడ్డు లేదూ" అన్నారు. ఆ మాటకు ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంత మంచి మామగారు ఎంతమందికి దొరుకుతారు అనుకుంది.

అయినా వదల్లేదు. స్కానర్ తగిలిస్తే ఆ దగ్గు, అదే మిస్సింగ్, మూడో సిలిండర్‌లో అని చూపించింది. మూడోదాని ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ తీసి ఒకటోదానికి, ఒకటోదాని కాయిల్ మూడోదానికి మార్చి ఒంటరిగా మళ్ళీ రోడ్డెక్కింది. లోపం కాయిల్‌దే అయితే దాని వెంటే మిస్సింగ్ కూడా ఒకటోదానికి పోవాలి. పోలేదు. మూడోదాన్నే పట్టుకు వేలాడుతోంది. ఇక అనుమానించాల్సింది ప్లగ్గునే.

కూర దించి, షెడ్డులోకి వెళ్ళి మూడో ప్లగ్ విప్పింది. గ్యాప్ కొలిచే గేజ్ రేకు పెట్టి చూస్తే, తలుపు తీసి ఉన్న ఇంట్లోకి పిల్లి దూరినట్టు అలవోకగా దూరిపోయింది. మొదట తననే తిట్టుకుంది. ఏ ధ్యాసలో బిగించానో, నా చేతికి ఇంత పెద్ద పని తగదేమో అనుకుంది. మిగతా మూడూ విప్పింది. అవి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మూడోదాన్ని కిటికీ వెలుతుర్లోకి తెచ్చింది. చివర వంగి ఉండే చిన్న ఇనుపముక్క మీద వరసగా సన్నటి గాట్లు. ఆ వరస మధ్యలో ఒక పన్ను పట్టేంత ఖాళీ.

పన్ను విరిగిన ప్లయర్ ఆ షెడ్డులో ఒక్కటే ఉంది. అది మామగారిది. ఎవర్నీ ముట్టుకోనివ్వరు. గ్యాప్ తెరవాలంటే గేజ్‌కున్న కొక్కెమే వాడాలి, ప్లయర్ పెడితే గాటు పడుతుంది అని ఆమెకు పాఠం చెప్పిన మనిషి, తను మాత్రం జీవితమంతా ఆ ప్లయర్‌తోనే తెరిచారు. "నా చెయ్యి దానికే మరిగిపోయింది. నువ్వు నాలా చెడిపోకు" అనేవారు.

ఆ గాట్లను ఆమె మళ్ళీ వేలితో తడిమి చూసింది. భర్త చేసి ఉంటే బాగుండునని కూడా అనిపించింది. అతని మీద కోపం ఎలా తెచ్చుకోవాలో ఆమెకు తెలుసు, అది అలవాటైన కోపం. ఈయన మీద ఏం తెచ్చుకోవాలి? పానా పట్టుకోవడం నేర్పిన మనిషి. నువ్వు కోడలివి కాదు, నాకు రెండో కొడుకువి అన్న మనిషి. బండి దగ్గక ముందే ఆయనకు తెలుసు. ఇంకాస్త నొక్కు తల్లీ అన్నప్పుడు తెలుసు. తల నిమిరినప్పుడూ తెలుసు.

సెలవురోజు కావడంతో మామగారు, అత్తగారు, భర్త ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఆమె వడ్డించి, మామగారి మంచినీళ్ళ గ్లాసు పక్కన ప్లగ్ పెట్టింది.

"తినేచోట ఈ ఇనపముక్కేంటి?" అన్నాడు భర్త.

"దీని గ్యాప్ ఎందుకు తెరిచారు మామయ్యా?"

ఆయన ముద్ద కలుపుతూనే దానివంక చూశారు. "ఎప్పటికైనా పట్టేస్తావని తెలుసు. మధ్యాహ్నానికే పట్టేస్తావనుకోలేదు" అన్నారు. ఆ గొంతులో దొరికిపోయిన వాడి బెదురు లేదు. గర్వం ఉంది.

"నువ్వెళ్ళిపోతే షెడ్డు ఎవరు తీస్తారు తల్లీ? ఇదిగో, ఈ చేతులు చూడు. నిన్న సాయంత్రం ప్లయర్ పట్టడానికే ఎన్ని తంటాలు పడ్డానో."

"నేనే టార్చి పట్టుకున్నా" అన్నారు అత్తగారు, చేసిన సాయం గుర్తుచేస్తున్నట్టు. "నువ్వు మేడమీద బట్టలు తీస్తున్నావుగా. ఈయనకి కళ్ళు ఆనట్లేదు. ఆ పెరుగు ఇటివ్వు."

ఆమె భర్త వైపు తిరిగింది. అతను తల వంచుకుని కూర వేసుకుంటున్నాడు.

"మీకూ తెలుసా?"

"నాన్న చెప్పే చేశారు. దీనికింత రాద్ధాంతం దేనికి? వద్దంటే ఏడుస్తావు, నెలరోజులు మొహం మాడ్చుకుంటావు. నీ అంతట నువ్వే నావల్ల కాదనుకుంటే ఎవరికీ బాధుండదని..." అని ఆగి, "నీ మంచికేగా" అన్నాడు.

ఆమె ఒక్కొక్క మొహమే చూసింది. ఎవరి మొహంలోనూ పగ లేదు, కపటం లేదు. ముగ్గురూ ఎంతో ప్రేమగా కూర్చుని మాట్లాడుకుని, ఆమె చేతగానిదని ఆమె చేతే అనిపించాలని తీర్మానించుకున్నారు. తర్వాత ఓదార్చడానికి కూడా సిద్ధంగా ఉన్నారు.

"చేతగానిదాన్నని నేననుకుంటే మీ ముగ్గురికీ బాధ లేదన్నమాట" అంది.

పెరుగుగిన్నె అత్తగారి ముందుకు జరిపి ఆమె షెడ్డులోకి వెళ్ళింది. డబ్బాలోంచి కొత్త ప్లగ్ తీసి, కొక్కెంతో గ్యాప్ సరిచేసి, గేజ్‌తో మళ్ళీ మళ్ళీ చూసుకుని బిగించింది. మిగతా మూడూ బిగించి, కాయిల్స్ వాటి చోట్లకు మార్చింది. చేతులు కడుక్కుని బానెట్ దించింది.

బండి స్టార్టయిన చప్పుడుకు ముగ్గురూ బయటికి వచ్చారు. "గిన్నెలు నేను తోముతాలే, దీపాల వేళకి వచ్చెయ్" అన్నారు అత్తగారు. భర్త ఫోన్ చేతిలో పట్టుకుని మెట్ల మీదే నిలబడ్డాడు. మామగారు ఆ వణికే చేతులతోనే గేటు రెక్కలు రెండూ తీసి, పక్కకు జరిగారు. "జాగ్రత్త తల్లీ" అన్నారు. అని, ఆగారు. ఆ ఇంట్లో ఎవరు గడప దాటినా వెళ్ళొస్తానని చెప్పాకే దాటాలి. పాల ప్యాకెట్ కోసం సందు చివరికి వెళ్ళినా ఆమె ఆ మాట అనే వెళ్ళేది. ఇప్పుడు ముగ్గురూ దాని కోసమే ఎదురుచూస్తున్నారు.

ఆమె కిటికీ అద్దం పైకెత్తి, గేరు వేసి, గేటు దాటింది.